సేఫ్ మోడ్‌ను వదలని ఫోను: మరమ్మతు డైరీ

తెర కింద ఎడమ మూలన ‘సేఫ్ మోడ్’ అనే అక్షరాలు. ఫోను భాష తెలుగైతే ‘సురక్షిత మోడ్’ అని ఉంటుంది. డౌన్‌లోడ్ చేసుకున్న యాప్‌లేవీ తెరుచుకోవు. ఒక్కసారి రీస్టార్ట్ చేస్తే ఈ స్థితి పోవాలి. ఈ ఫోనులో పోలేదు. ఎన్నిసార్లు ఆపి వెలిగించినా అదే మూలన అవే అక్షరాలు.

మొదటి రెండు దశలతోనే చాలామంది ఫోన్లు బాగుపడతాయి. అక్కడితో బాగుపడనివారి కోసమే మిగతా అంతా రాస్తున్నాను.

ఫోను వివరాలు: ఆండ్రాయిడ్, లోపలే అతికించిన బ్యాటరీ, వెనుక గాజు పలక, కుడి పక్కన వాల్యూమ్ బటన్లు, వాటి కింద పవర్ బటన్.

రీసెట్ చేద్దామని తొందరపడేవారికి ముందే ఒక మాట. సేఫ్ మోడ్‌లో డేటా ఏదీ చెరిగిపోదు. మనం వేసుకున్న యాప్‌లను ఫోను నడవనివ్వదు, అంతే. ఫొటోలు, మెసేజ్‌లు, యాప్‌ల లోపలి సమాచారం ఎక్కడివక్కడే ఉంటాయి. కాకపోతే డౌన్‌లోడ్ చేసుకున్న అలారం యాప్ కూడా నడవదు. తెల్లవారుజామున లేవాల్సిన పని ఉంటే ఫోనుతో వచ్చిన గడియారంలోనే అలారం పెట్టుకోండి.

అనుమానితుల జాబితా

1. లోపల ఎక్కడో మిగిలిపోయిన సాఫ్ట్‌వేర్ గుర్తు
2. ఫోనుకు తగిలించిన బయటి వస్తువు (ఇయర్‌ఫోన్లు, కీబోర్డు వంటివి)
3. బటన్‌ను నొక్కిపెడుతున్న కవరు
4. బటన్ చుట్టూ చేరిన మురికి
5. బటన్ కింది స్విచ్, దాని ఫ్లెక్స్ కేబుల్ (వంగే సన్నని పట్టీలాంటి తీగ)
6. మదర్‌బోర్డు

లెక్క: అనుమానితులు 6, కొట్టివేసినవి 0.

దశ 1: ఫోను లోపలి దారులు

1. నోటిఫికేషన్ల తెర కిందికి లాగి చూశాను. కొన్ని ఫోన్లలో ‘సేఫ్ మోడ్ ఆన్‌లో ఉంది’ అనే నోటిఫికేషన్ ఉంటుంది. దాన్ని తాకితే రీస్టార్ట్ అయి బయటపడుతుంది. ఇందులో లేదు.
2. పవర్ మెనూలోంచి రీస్టార్ట్. ఫలితం లేదు.
3. పూర్తిగా ఆపి, కాస్త ఆగి, మళ్లీ ఆన్. ఫలితం లేదు.
4. బలవంతపు రీస్టార్ట్. దీనికీ ఫలితం లేదు.

నాలుగో దాని గురించి కొంచెం చెప్పాలి. శాంసంగ్ గెలాక్సీ ఫోన్లలో బలవంతంగా రీస్టార్ట్ చేయాలంటే పవర్ బటన్‌నూ, వాల్యూమ్ తగ్గించే బటన్‌నూ కలిపి 7 సెకన్లకు పైగా పట్టుకోవాలి. చిక్కంతా అక్కడే ఉంది. ఫోను లేస్తున్నప్పుడు వాల్యూమ్ తగ్గించే బటన్ నొక్కి ఉంచితే సేఫ్ మోడ్‌లోకే వెళుతుంది. తెర నల్లబడి కంపెనీ గుర్తు కనబడగానే రెండు వేళ్లూ తీసేయాలి. పట్టు వదలకుండా కూర్చుంటే బయటపడే ప్రయత్నమే మళ్లీ లోపలికి తోస్తుంది.

ఇంతకీ ఆండ్రాయిడ్ సేఫ్ మోడ్‌లోకి వెళ్లాలని ఎలా నిర్ణయిస్తుంది? ఇది తెలియకుండా చేసేదంతా చీకట్లో తడుముకోవడమే. లేస్తున్నప్పుడు అది ముఖ్యంగా రెండు చూస్తుంది. ఒకటి, పవర్ మెనూలో ‘పవర్ ఆఫ్’ను నొక్కి పట్టుకుని మనం సేఫ్ మోడ్ కోరినప్పుడు రాసిపెట్టుకునే గుర్తు. రెండు, ఆ క్షణంలో కొన్ని బటన్లలో ఏదైనా నొక్కి ఉందా అన్నది. ఆ బటన్లు ఇవి: వాల్యూమ్ తగ్గించేది, మెనూ, కీబోర్డులోని ఎస్ అక్షరం, డీ-ప్యాడ్ (నాలుగు దిక్కుల బటన్) నడిమి బటన్, ట్రాక్‌బాల్ (వేలితో దొర్లించే చిన్న బంతి).

మొదటి గుర్తు ఒక్కసారికే పనిచేస్తుంది. ఫోను దాన్ని చదివిన వెంటనే చెరిపేస్తుంది. అందుకే మామూలుగా ఒక్క రీస్టార్ట్ సరిపోతుంది. మళ్లీ మళ్లీ సేఫ్ మోడే వస్తోందంటే ఆ గుర్తు కారణం కాదు, ఏదో బటన్ నొక్కి ఉందని ఫోను అనుకుంటోంది. ఫ్యాక్టరీ రీసెట్ దీన్ని బాగుచేయలేదు. రీసెట్ తుడిచేది డేటాను, బటన్‌ను కాదు. పైగా రీసెట్ తర్వాత పాత గూగుల్ ఖాతా పాస్‌వర్డు గుర్తులేకపోతే ఇంకో తలనొప్పి. ‘ఏమీ కుదరకపోతే రీసెట్ కొట్టండి’ అని ఉచితంగా చెప్పే సలహా మీద నాకు బొత్తిగా గౌరవం లేదు.

లెక్క: కొట్టివేసినవి 1, మిగిలినవి 5.

దశ 2: బయటినుంచి నొక్కేవి

1. ఛార్జర్, ఇయర్‌ఫోన్లు, పెన్‌డ్రైవ్ తగిలించే ఓటీజీ అడాప్టర్, అన్నీ ఊడదీశాను.
2. బ్లూటూత్ ఆపాను.
3. కవరు తీసేశాను.
4. రీస్టార్ట్.

ఇయర్‌ఫోన్లు ఎందుకంటే, తీగ మధ్యలో ఉండే చిన్న పెట్టెలోనూ వాల్యూమ్ బటన్లు ఉంటాయి. ఆండ్రాయిడ్ ఆ తనిఖీ చేసేటప్పుడు ఒక్క ఫోను బటన్లనే కాదు, తగిలించి ఉన్న అన్ని పరికరాల బటన్లనూ అడుగుతుంది. కీబోర్డు తగిలించి దాని ఎస్ అక్షరం ఇరుక్కుపోయినా ఇదే రోగం.

కవరు దగ్గర కాసేపు ఆగాను. బటన్ వచ్చేచోట దాని రబ్బరు లోపలికి ఉబ్బి ఉంది. కవరు వేసుకుని బటన్ నొక్కితే ‘టిక్’ వినబడలేదు. తీసేసి నొక్కితే వినబడింది. దొంగ దొరికాడనుకుని రీస్టార్ట్ చేస్తే మళ్లీ సేఫ్ మోడే. కవరు తప్పు ఉండవచ్చు, కానీ ఒక్క దానిదే కాదు.

లెక్క: కొట్టివేసినవి 3, మిగిలినవి 3.

దశ 3: ఫోను ఏమనుకుంటోందో చదవడం

ఇక్కడినుంచి కంప్యూటర్ కావాలి. సెట్టింగ్స్‌లో బిల్డ్ నంబరును 7 సార్లు తాకితే డెవలపర్ ఆప్షన్లు వస్తాయి. వాటిలో యూఎస్‌బీ డీబగ్గింగ్ ఆన్ చేసి, కేబుల్‌తో కలిపి, ఏడీబీ షెల్‌లోకి (కంప్యూటర్ నుంచి ఫోనుకు కమాండ్లు పంపే చోటు) వెళ్లాను. సేఫ్ మోడ్ దీనికి అడ్డు రాదు.

1. ‘గెట్‌ఈవెంట్’ కమాండుకు హైఫన్, ఎల్, పీ జోడించి నడిపాను. ఏ పరికరంలో ఏ బటన్లున్నాయో జాబితా వస్తుంది. ఆ క్షణంలో నొక్కి ఉన్న బటన్ పక్కన నక్షత్రం గుర్తు పడుతుంది.
2. వాల్యూమ్ తగ్గించే బటన్ పేరు పక్కన నక్షత్రం ఉంది. నా చేతులు రెండూ కీబోర్డు మీదే ఉన్నాయి.
3. తర్వాత హైఫన్, ఎల్ మాత్రమే జోడించి నడిపి, ఫోనును బల్లమీద వదిలేసి చూస్తూ కూర్చున్నాను. ఎవరూ ముట్టుకోకుండానే ‘డౌన్’ (నొక్కారు), ‘అప్’ (వదిలారు) అంటూ వరసలు పడుతున్నాయి.

మొదటి కమాండే ఎందుకు ముందు? రెండోది మార్పులను మాత్రమే చూపిస్తుంది. బటన్ మొదటినుంచీ నొక్కి ఉండిపోతే మార్పంటూ ఏదీ జరగదు, తెర ఖాళీగా ఉంటుంది. అది చూసి ‘బటన్ బాగానే ఉంది’ అనుకుంటే పప్పులో కాలేసినట్టే. పేరుకు బదులు అంకెలు కనబడితే వాల్యూమ్ తగ్గించే బటన్ సంఖ్య 114. పదహారు ఆధారంగా (హెక్సాడెసిమల్‌లో) రాస్తే 72 అని ఉంటుంది. పెంచేది 115.

ఫోను తన పనులను రాసుకునే లాగ్‌లో ఇంకో ఆధారం దొరికింది. సేఫ్ మోడ్ మొదలైనట్టు చెప్పే వరసలో మెనూ, ఎస్, డీ-ప్యాడ్, ట్రాక్‌బాల్ నాలుగింటి విలువలూ సున్నా. వాల్యూమ్ బటన్ విలువను ఆ వరసలో అసలు రాయరు. కాబట్టి నాలుగూ సున్నాలుండి సేఫ్ మోడ్ వచ్చిందంటే వేలు ఎటు చూపిస్తుందో స్పష్టమే.

లెక్క: మిగిలినవి ఆ 3 (మురికి, స్విచ్, బోర్డు). కానీ ఇప్పుడు ఏ బటనో తెలుసు.

దశ 4: తాత్కాలిక కట్టు

ఫోను విప్పే తీరిక వెంటనే దొరకదు, యాప్‌లతో పని ఆగదు. ఆండ్రాయిడ్‌లో సేఫ్ మోడ్‌ను పూర్తిగా నిషేధించే సెట్టింగ్ ఒకటుంది. ఏడీబీ షెల్‌లో ‘సెట్టింగ్స్ పుట్ గ్లోబల్’ అని రాసి, తర్వాత ‘సేఫ్’, ‘బూట్’, ‘డిస్‌అలౌడ్’ అనే మూడు మాటలనూ అండర్‌స్కోర్లతో కలిపి, చివర 1 వేయాలి. తర్వాత రీస్టార్ట్.

పనిచేసింది. యాప్‌లన్నీ తిరిగొచ్చాయి. కానీ ఇది కట్టే, వైద్యం కాదు. బటన్ ఇంకా నొక్కుకుంటూనే ఉంది కాబట్టి:

వాల్యూమ్ పట్టీ తెరమీద దానంతటదే ప్రత్యక్షమై సున్నాకు జారుతోంది. పవర్ నొక్కితే అప్పుడప్పుడు స్క్రీన్‌షాట్ పడుతోంది. ఎవరైనా ఫోను చేస్తే ఒక్క క్షణం మోగి ఆగిపోతోంది. మోగుతున్న ఫోనును నిశ్శబ్దం చేయడానికి వాడేది కూడా ఈ బటనే మరి. అవతలివాళ్లు మనం కావాలనే ఎత్తడం లేదనుకుంటారు.

ఇంకో జాగ్రత్త. ఈ నిషేధం ఉన్నంతకాలం, పిచ్చి యాప్ ఏదైనా ఫోనును తినేస్తుంటే దాన్ని తీసేయడానికి సేఫ్ మోడ్ అందుబాటులో ఉండదు. పని పూర్తయ్యాక తప్పక ఎత్తేయాలి.

దశ 5: విప్పకుండా శుభ్రం

సామాను: 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్, మెత్తని కుంచె, చెక్క పుల్ల, భూతద్దం.

1. ఫోను పూర్తిగా ఆపాను.
2. బటన్ చుట్టూ సందులో పేరుకున్న నల్లటి మురికిని పుల్లతో తీశాను. పిన్నీసు వాడలేదు, లోపలి రబ్బరు చిరుగుతుంది.
3. కుంచెను ఆల్కహాల్‌లో తడిపి, విదిలించి, సందు వెంట రాశాను.
4. బటన్‌ను పదేపదే నొక్కుతూ, బటన్ వైపు నేలకు ఉండేలా ఫోనును పట్టుకున్నాను. తడి లోపలికి కాక బయటికి రావాలి.
5. బాగా ఆరాక ఆన్ చేశాను.

తలుపు కీచుమంటే వేసే నూనె స్ప్రేలు ఇక్కడ వద్దు. అవి ఆరవు, దుమ్మును ఇంకా పట్టుకుంటాయి.

ఫలితం: బటన్ చేతికి హాయిగా తగిలింది. నక్షత్రం మాత్రం పోలేదు. చేతికి బాగున్నంత మాత్రాన విద్యుత్తుకు బాగున్నట్టు కాదు. పైన కనబడే ప్లాస్టిక్ ముక్క వేరు, దాని కింద ఉండే స్విచ్ వేరు.

లెక్క: కొట్టివేసినవి 4, మిగిలినవి 2.

దశ 6: విప్పడం, కొలతలు

బ్యాటరీని 25 శాతం కంటే తక్కువకు దించాకే వెనుక పలక వేడిచేసి తీశాను. పొరపాటున బ్యాటరీకి దెబ్బ తగిలినా, నిండుగా ఉన్నదానికంటే ప్రమాదం తక్కువ. లోపలికి వెళ్లగానే మొదటి పని బ్యాటరీ కనెక్టర్ ఊడదీయడం. స్క్రూలను ఏవి ఎక్కడివో కాగితంమీద ఫోను బొమ్మ గీసి దానిమీదే పెట్టాను. పొడవులో తేడా ఉన్నవి మారిపోతే పొడవైనది బోర్డులోకి దిగుతుంది.

వాల్యూమ్ బటన్ల కింద సన్నని ఫ్లెక్స్ కేబుల్ ఉంది. దానిమీద ఒక్కో బటన్‌కు ఒక్కో లోహపు డోమ్ (గుమ్మటంలా ఉబ్బిన చిన్న బిళ్ల), ఆ డోమ్ మీద పారదర్శకమైన పొర. నొక్కితే డోమ్ లోపలికి వంగి రెండు బిందువులను కలుపుతుంది. కేబుల్‌ను బోర్డునుంచి ఊడదీసి మల్టీమీటర్‌తో కొలిచాను.

పెంచే బటన్, వదిలినప్పుడు: మీటరు పరిధి దాటింది (అంటే బిందువులు కలవలేదు, అలాగే ఉండాలి)
పెంచే బటన్, నొక్కినప్పుడు: 1 ఓమ్ లోపు
తగ్గించే బటన్, వదిలినప్పుడు: 4 నుంచి 9 కిలో ఓమ్‌ల మధ్య ఊగుతోంది
తగ్గించే బటన్, నొక్కినప్పుడు: 2 ఓమ్‌లు

మూడో వరసలోనే ఉంది రోగం. బటన్ ఇరుక్కోలేదు. ఇరుక్కుని ఉంటే 2 ఓమ్‌ల దగ్గరే నిలబడేది. తెరిచి ఉండాల్సిన స్విచ్‌లోంచి విద్యుత్తు కారుతోంది.

కొన్ని కిలో ఓమ్‌లంటే చాలా ఎక్కువ కదా, దాన్ని ఫోను నొక్కినట్టు ఎందుకు అనుకోవాలి? దీనికోసం బ్యాటరీ తిరిగి తగిలించి వోల్టేజీ చూశాను. పెంచే బటన్ తీగమీద 1.8 వోల్టులు. తగ్గించే బటన్ తీగమీద 0.25 నుంచి 0.5 వోల్టులు. బోర్డు ఆ తీగను ఒక పెద్ద రెసిస్టర్ ద్వారా పైకి పట్టి ఉంచుతుంది. బటన్ నొక్కితే తీగ గ్రౌండ్‌కు (సర్క్యూట్‌లో సున్నా వోల్టుల చోటు) కలిసి సున్నాకు పడుతుంది. ఆ రెసిస్టర్ విలువ పెద్దది కాబట్టి, కొన్ని కిలో ఓమ్‌ల లీకేజీ చాలు తీగను సున్నా దగ్గరికి లాగేయడానికి. ఫోను దృష్టిలో అదీ నొక్కడమే.

భూతద్దంలో డోమ్ మీది పొర అంచున ఆకుపచ్చటి మరక కనబడింది. రాగి తుప్పు. ఎప్పుడో తడి లోపలికి చేరింది.

కేబుల్ ఊడదీశాక బోర్డు వైపు తీగ నేరుగా 1.8 వోల్టులకు లేచింది. బోర్డు నిర్దోషి.

లెక్క: కొట్టివేసినవి 5, మిగిలింది 1.

దశ 7: కడిగితే పోయింది, మళ్లీ వచ్చింది

కేబుల్‌ను ఆల్కహాల్‌తో కడిగి, ఆరబెట్టి కొలిచాను. 220 కిలో ఓమ్‌లు. బిగించి ఆన్ చేస్తే నక్షత్రం లేదు, వాల్యూమ్ కదలడం లేదు. ఇక్కడే డైరీ ముగించి ఉంటే అబద్ధపు డైరీ అయ్యేది.

కొన్నాళ్లకు వాల్యూమ్ పట్టీ మళ్లీ జారడం మొదలుపెట్టింది. విప్పి కొలిస్తే 12 నుంచి 15 కిలో ఓమ్‌లు. ఫోను నొక్కినట్టు, నొక్కనట్టు అటూ ఇటూ ఊగే అంచు అది. కారణం ఆ పారదర్శకపు పొరే. తుప్పు పొర కింద ఉంది. పైనుంచి రాసిన ఆల్కహాల్ అంచులను మాత్రమే కడుగుతుంది. పొర లేపితే డోమ్ స్థానం తప్పుతుంది, మళ్లీ అదే చోట కూర్చోబెట్టడం చేతితో అయ్యే పని కాదు.

నిర్ణయం: కడగడం ఆపి కేబుల్ మార్చడం. కడిగాక మీటరు పరిధి దాటితేనే బాగైనట్టు లెక్క. వందల కిలో ఓమ్‌లు చూపిస్తే ఫోను ప్రస్తుతానికి మన్నించిందని అర్థం.

దశ 8: కొత్త ఫ్లెక్స్ కేబుల్

ఒకే మోడల్ ఫోనులోనూ కేబుళ్లు రెండు రకాలుగా ఉండవచ్చు. పాత కేబుల్ మీద అచ్చువేసిన సంఖ్యను చూసి, అదే సంఖ్యది తెప్పించాను.

1. బిగించే ముందే కొలత: రెండు బటన్లూ వదిలినప్పుడు పరిధి దాటాయి.
2. పాత కేబుల్ లేపి, కొత్తది అంటించి, బటన్ ముక్కలు అమర్చి, బ్యాటరీ తగిలించాను.
3. ఆన్ చేస్తే వాల్యూమ్ నేరుగా సున్నాకు పడింది.

కొత్త కేబుల్‌తోనూ అదే! ఈసారి లక్షణం మాత్రం వేరు. ఊగడం లేదు, నక్షత్రం నిలకడగా ఉంది. పైనున్న బటన్ ముక్క తీసి కొలిస్తే పరిధి దాటింది, పెట్టి కొలిస్తే 1 ఓమ్. అంటే ఇది లీకేజీ కాదు, నిజంగానే నొక్కుకుంటోంది. కేబుల్‌ను పట్టి ఉంచే లోహపు పట్టీ కింద పాత జిగురు మిగిలింది. వెర్నియర్‌తో కొలిస్తే 0.3 మిల్లీమీటర్లు. ఆ మందం కేబుల్‌ను ముందుకు తోసి, బటన్‌ను డోమ్ మీద ఆనించేసింది.

4. జిగురును ఆల్కహాల్‌తో నానబెట్టి ప్లాస్టిక్ పుల్లతో పూర్తిగా గీకేశాను.
5. మళ్లీ బిగించి, బటన్ ముక్కతో సహా కొలిచాను: వదిలితే పరిధి దాటింది, నొక్కితే 1 ఓమ్ లోపు.
6. వెనుక పలక అంటించకుండానే రీస్టార్ట్ చేసి, గెట్‌ఈవెంట్‌లో నక్షత్రం లేదని చూసుకున్నాను. పలక ముందే అంటించేస్తే, నక్షత్రం ఇంకా ఉన్నప్పుడు విప్పడానికి మళ్లీ వేడిచేయాలి.

లెక్క: మిగిలినవి 0.

దశ 9: ఎక్కడివక్కడ సర్దడం

1. నాలుగో దశలో పెట్టిన నిషేధం ఎత్తేశాను. అదే కమాండులో ‘పుట్’ బదులు ‘డిలీట్’, చివరి 1 తీసేయాలి.
2. పవర్ మెనూలో ‘పవర్ ఆఫ్’ను నొక్కి పట్టుకుని, కావాలనే సేఫ్ మోడ్‌లోకి వెళ్లాను. వెళ్లింది.
3. మామూలు రీస్టార్ట్. బయటికొచ్చింది. నిజమైన పరీక్ష ఇదే.
4. హోమ్ స్క్రీన్ మీద విడ్జెట్లు కొన్ని పోయాయి, తిరిగి పెట్టాను. సేఫ్ మోడ్‌లోకి వెళ్లే ముందు హోమ్ స్క్రీన్‌ను స్క్రీన్‌షాట్ తీసి ఉంచుకుంటే ఈ పని తేలిక.
5. వేసుకున్న కీబోర్డు యాప్, లాంచర్ (హోమ్ స్క్రీన్‌ను చూపే యాప్) వాటి స్థానంలో ఉన్నాయో లేదో చూసి, యాక్సెసిబిలిటీ అనుమతులు ఆగిపోయిన యాప్‌లకు మళ్లీ ఇచ్చాను.

వెనుక పలకకు కొత్త జిగురు పట్టీ వేశాను. అయినా కంపెనీలో వేసినప్పటి నీటి రక్షణ తిరిగి వచ్చిందని నమ్మను. ఇకనుంచి ఈ ఫోను తడికి దూరం. రెండో దశలోని కవరు లోపల ఉబ్బిన రబ్బరును బ్లేడుతో చెక్కేసి వేసి చూశాను. ‘టిక్’ వినబడింది, నక్షత్రం పడలేదు. బటన్ ముందుకంటే కొంచెం గట్టిగా ఉంది. అలాగే వదిలేశాను.